తిరుపతిలో అద్దె ఇల్లు: కాలినడక, షేర్ ఆటో, కారు... దేన్ని బట్టి ఎంచుకోవాలి?

తిరుపతిలో అద్దె ఇల్లు వెతికేవాళ్లకు బ్రోకర్ చెప్పే మొదటి మాట "బస్టాండుకు పది నిమిషాలే సార్". కొర్లగుంటలో ఇల్లయినా అదే మాట, అవిలాల దాటాక ఇల్లయినా అదే మాట. అబద్ధమని అనలేం. రాత్రి పదకొండుకు బైకు మీద వస్తే నిజంగానే పది నిమిషాలు. ఉదయం తొమ్మిదింటికి, మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని వెంటబెట్టుకుని రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి బయల్దేరితే ఆ పది నిమిషాలు ఎంతవుతాయో ఆయన చెప్పడు, మనమూ అడగం.

నేను ఈ ఊళ్లో ఇల్లు చూడబోయే చుట్టాలకు, స్నేహితులకు ఒకటే చెబుతాను. పగలంతా బండి లేకుండా ఇంట్లో ఉండే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. అమ్మ కావచ్చు, భార్య కావచ్చు, స్కూలుకు పోయే పిల్లాడు కావచ్చు. ఆ మనిషికి ఏది సులువో చూసి ఇల్లు తీసుకోండి. కారు పెట్టుకుని పోలిస్తే తిరుపతిలో అన్ని ఇళ్లూ బాగానే కనిపిస్తాయి. తేడా తెలిసేది కాలినడకన పోలిస్తేనే.

మనిషి వెళ్లక తప్పని పనులు ఏవి?

పదేళ్ల కిందట ఇల్లు చూసేటప్పుడు కరెంటు ఆఫీసు ఎంత దూరం, బ్యాంకు ఎంత దూరం అని అడిగేవాళ్లం. ఇప్పుడు బిల్లులన్నీ ఫోన్లోనే. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వారి మన మిత్ర వాట్సాప్ సేవ వచ్చాక కొన్ని సర్టిఫికెట్లకు కూడా మనిషి కదలక్కర్లేదు. కాబట్టి వీటిని పక్కన పెట్టేయండి.

మిగిలేవి కొన్నే. పాలు, కూరగాయలు. స్కూలు. మందుల షాపు, చిన్న జ్వరానికి వెళ్లే క్లినిక్. పెద్ద ఆసుపత్రి. వేలిముద్ర వేయాల్సిన పనికి వార్డు సచివాలయం. రేషన్ షాపు. ఈ చివరిదాన్ని మధ్యలో కొన్నేళ్లు అందరూ మర్చిపోయారు, రేషన్ బండి ఇంటి ముందుకే వచ్చేది కాబట్టి. 2025 జూన్ నుంచి మళ్లీ షాపుకే వెళ్లి తెచ్చుకోవాలి, నెలలో 1 నుంచి 15వ తేదీ లోపు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు మాత్రం ఇంటికే తెచ్చివ్వాలని నియమం. బియ్యం సంచి మోసుకుని నడవగల దూరం, ఉత్తి చేతులతో నడవగల దూరం వేరు వేరు. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి.

స్కూలు విషయంలో విద్యాహక్కు చట్టం నిబంధనలే మంచి కొలత: ప్రాథమిక పాఠశాల 1 కిలోమీటరు లోపు, ఆపై 8వ తరగతి దాకా 3 కిలోమీటర్ల లోపు. ప్రైవేటు స్కూలుకు పంపినా ఇదే కొలత పెట్టుకోవచ్చు. బస్సు ఉంది కదా అంటారు గానీ, ఏడింటికి పిల్లాణ్ణి వీధి చివర నిలబెట్టి, ఊరంతా తిప్పి ఎనిమిదిన్నరకు స్కూల్లో దింపే బస్సు కంటే పదిహేను నిమిషాల నడక నయం.

నడక: కిలోమీటర్లతో కొలవొద్దు

మామూలు మనిషి పదిహేను నిమిషాల్లో కిలోమీటరు నడుస్తాడు. అరవై దాటినవాళ్లకు ముప్పావు కిలోమీటరు వేసుకోండి. మే నెలలో సగం వేసుకోండి. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఇక్కడ పదింటికే రోడ్డు మీద మనిషి కనిపించడు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా కాలినడకన జరిగే పనులన్నీ ఉదయం ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఆరు తర్వాత జరిగేవే.

దూరం కంటే పెద్ద చిక్కు రోడ్డు దాటడం. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక ముసలాయనతో రోడ్డు దాటి చూడండి. పైన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్, కింద దాని స్తంభాలు. స్తంభం చాటు నుంచి ఏ బండి వస్తుందో కనపడదు. డివైడర్‌లో సందు ఉన్నచోట జీబ్రా గీతలుండవు, గీతలున్నచోట బండ్లు ఆగవు. ఎదురుగా కనిపించే మందుల షాపుకు వెళ్లి రావడానికి ఆయనకు పావుగంట పడుతుంది. అదే వీధి లోపల, రోడ్డు దాటే పని లేకుండా అరకిలోమీటరు నడవమనండి, కబుర్లు చెప్పుకుంటూ నడిచేస్తాడు. అందుకే ఇల్లు చూసేటప్పుడు "ఎంత దూరం" అని అడిగేకంటే "మెయిన్ రోడ్డుకు ఇవతలా, అవతలా" అని అడగండి.

ఫుట్‌పాత్ సంగతి చెప్పనక్కర్లేదు. ఉన్నచోట బైకులు, కొబ్బరిబోండాల బండ్లు. లేనిచోట కాలువ మీద బండలు, మధ్యలో ఒక బండ లేకుండా.

నడకకు అన్నిటికంటే అనువైన చోటు పాత ఊరే. గోవిందరాజ స్వామి గుడి చుట్టుపక్కల, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, భవానీ నగర్ వైపు ఇల్లు దొరికితే రైల్వే స్టేషన్, కూరగాయలు, బట్టల కొట్లు, క్లినిక్‌లు అన్నీ కాళ్లకు అందుతాయి. స్టేషన్ నుంచి బస్టాండుకు కూడా సామాను లేకపోతే నడిచిపోవచ్చు. కానీ ఊరు మనది ఒక్కరిదే కాదు. చాలా రోజుల్లో 60 వేల మందికి పైగా వచ్చే యాత్రికులదీ. పండగ సెలవుల్లో ఆ వీధుల్లో పాలప్యాకెట్ కోసం బయటికొచ్చినా గుంపుల మధ్య నుంచే నడవాలి. ఇళ్లూ ఇరుకు, గాలీ వెలుతురూ తక్కువ. ఇది నచ్చేవాళ్లకు నచ్చుతుంది. వయసైనవాళ్లు చాలామందికి నచ్చుతుంది కూడా, కిందికి దిగితే మాట్లాడటానికి మనిషి ఉంటాడని.

రైలు కట్టకు ఏ పక్క?

బయట ఊరి నుంచి వచ్చినవాళ్లకు తట్టని ప్రశ్న ఇది. తిరుపతిని రైలు పట్టాలు రెండుగా కోస్తాయి. ఉత్తరాన పాత ఊరు, బస్టాండు, బాలాజీ కాలనీ, యూనివర్సిటీ, అలిపిరి దారిలో రుయా, స్విమ్స్, బర్డ్, మెటర్నిటీ ఆసుపత్రి. దక్షిణాన బైరాగిపట్టెడ, ఎం.ఆర్. పల్లి, ఎయిర్ బైపాస్ రోడ్డు, అన్నమయ్య సర్కిల్, ఇంకా దిగితే అవిలాల, తుమ్మలగుంట వైపు కొత్త ఇళ్లు. అంటే పెద్ద ఆసుపత్రులన్నీ ఒక పక్క, విశాలమైన ఇళ్లు చాలావరకు ఇంకో పక్క.

దక్షిణం వైపు ఇల్లు మంచిదే. రోడ్లు వెడల్పు, కూరగాయలు, హోటళ్లు, సూపర్ మార్కెట్లు అన్నీ ఉన్నాయి. ఎం.ఆర్. పల్లిలో ఉండేవాళ్లు వారాల తరబడి పట్టాలు దాటకుండా బతికేయగలరు. ఆసుపత్రి అవసరం పడినప్పుడే తెలుస్తుంది. అండర్ బ్రిడ్జి కింద నుంచే పోవాలి, లేదంటే చుట్టు తిరగాలి. పెద్ద వాన పడితే వెస్ట్ చర్చి దగ్గర అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి. 2021 అక్టోబరులో అక్కడ నీళ్లలో వాహనం చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. మరుసటి నెలలో వచ్చిన వరదలు ఊరందరికీ గుర్తే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జూన్‌లో, స్కూళ్లు తెరిచేటప్పుడు ఇల్లు చూసేవాళ్లకు ఇవేవీ కనపడవు. వీధిలో ఇస్త్రీ బండి అతన్ని అడగండి, నవంబరులో నీళ్లు ఎంతవరకు వస్తాయో చేత్తో గోడ మీద చూపిస్తాడు.

ఆసుపత్రి గురించి ఇంకో మాట. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడమంటే సాధారణంగా ఒక్క పనితో పోదు. ఉదయం ఓపీ చీటీకి క్యూ, తర్వాత డాక్టరు, ఆయన రాసిచ్చిన రక్తపరీక్ష, మధ్యాహ్నం రిపోర్టు, రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టరు. ఇల్లు కె.టి. రోడ్డు దగ్గరో బాలాజీ కాలనీలోనో ఉంటే నమూనా ఇచ్చి ఇంటికొచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చి మళ్లీ వెళ్తారు. తిరుచానూరు అవతల నుంచి వచ్చినవాళ్లు క్యారియర్ తెచ్చుకుని చెట్టు కింద కూర్చుంటారు. నెలకోసారి షుగరు, బీపీ చూపించుకునే పెద్దవాళ్లున్న ఇంటికి ఈ ఒక్క తేడా చాలు. డయాలసిస్ లాంటిది ఉంటే ఇక రెండో ఆలోచన వద్దు. అద్దె ఎక్కువైనా, గది చిన్నదైనా, అలిపిరి రోడ్డు వైపే చూడండి.

షేర్ ఆటో, బస్సు

తిరుపతిలో ఊళ్లోపల తిరగడానికి జనం నమ్ముకునేది సిటీ బస్సు కంటే షేర్ ఆటోనే. మెయిన్ రోడ్ల మీద, బస్టాండు నుంచి తిరుచానూరు, రేణిగుంట, అలిపిరి వైపుల్లో పగలు వీటికి కొదవ లేదు. చెయ్యెత్తితే ఆగుతాయి, చవక. అయితే ఎక్కడం దిగడం అందరికీ కుదరదు. లోపల సీట్లు నిండితే వెనక, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చునే చెక్క మీదే చోటు. డ్రైవరు "సర్దుకోండమ్మా" అంటూనే ఇంకొకర్ని ఎక్కిస్తాడు. కాలేజీ పిల్లలకు సరదా. అరవై ఐదేళ్ల మనిషికి ఆ మెట్టు ఎత్తే పెద్ద అడ్డం.

ఇంకో సంగతి, షేర్ ఆటో మీ వీధిలోకి రాదు. మెయిన్ రోడ్డు మీద దింపుతుంది, అక్కడి నుంచి నడకే. మ్యాపులో ఒకే కాలనీలో పక్కపక్కన ఉన్న రెండు ఇళ్లలో ఒకటి రోడ్డుకు 200 మీటర్లు, ఇంకొకటి కిలోమీటరు లోపల ఉంటే వాటి అద్దెలో ఐదొందలో వెయ్యో తేడా ఉంటుంది. ఆ తేడా డబ్బు పెట్టి రోడ్డు దగ్గరి ఇల్లే తీసుకోమంటాను. రాత్రి తొమ్మిది దాటితే షేర్ ఆటోలు పలచబడతాయి, ఆటో మాట్లాడుకోవాలి, వాళ్లు అడిగింది ఇవ్వాలి. బైక్ ట్యాక్సీ యాప్‌లు వచ్చాక మగవాళ్లకు కొంత నయమైంది. నైట్ డ్యూటీ చేసే నర్సులు ఇప్పటికీ ఆసుపత్రికి నడిచిపోయే దూరంలోనే గది చూసుకుంటారు. వాళ్లను చూసి నేర్చుకోవచ్చు.

ఆర్టీసీ విషయానికి వస్తే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపితే జీరో టికెట్ ఇస్తారు. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు, రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు. దీంతో ఇంటి లెక్క కొంచెం మారింది. ఊరి లోపల సందుల్లో ఉన్న ఇంటికి ఈ పథకం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, అక్కడికి బస్సే రాదు కాబట్టి. చంద్రగిరిలోనో, రేణిగుంటలోనో, పుత్తూరు రోడ్డు మీదో బస్సు ఆగేచోట ఇల్లుంటే మాత్రం ఆడవాళ్లకు తిరుపతి రాకపోకల ఖర్చు సున్నా. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని చంద్రగిరి, ఐదు కిలోమీటర్ల దూరంలోని ఒక లోపలి కాలనీ కంటే దగ్గరైపోయింది. పైగా చంద్రగిరికి తన బజారు, తన ఆఫీసులు, తన రైల్వే స్టేషన్ ఉన్నాయి. ప్రతిదానికీ తిరుపతి రానక్కర్లేదు.

రేణిగుంట గురించి కూడా ఒక మాట. తరచూ దూరప్రయాణాలు చేసేవాళ్లకు ఇది తిరుపతి కంటే మేలు. చెన్నై-ముంబై లైను బండ్లు రేణిగుంట జంక్షన్ మీదుగానే పోతాయి, విమానాశ్రయమూ అటే. ఏర్పేడులోని ఐఐటీ, ఐసర్‌లో పనిచేసేవాళ్లకూ దారి కలిసొస్తుంది.

కారు

కారు గురించి తక్కువే చెబుతాను. కారుంటే ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడా ఆపలేరు. గాంధీ రోడ్డుకు కారులో వెళ్లి చీర కొనుక్కుని వచ్చేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు మొత్తం తెరిచాక తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం వైపు దాటిపోయేవాళ్లకు బాగా కలిసొచ్చింది. మధ్యలో పని ఉన్నవాళ్లకు మాత్రం కింది రోడ్డే గతి. పైకెక్కితే దిగే ర్యాంపు దాకా మందుల షాపూ లేదు, స్కూలూ లేదు.

కారు నిజంగా విలువ చూపేది రెండు చోట్ల. ఒకటి రాత్రిపూట ఆసుపత్రి, అదీ 108 కోసం ఆగే ఓపిక లేనప్పుడు. రెండోది ఊరి బయట ఉద్యోగం. శ్రీసిటీ పారిశ్రామికవాడ వైపు రోజూ పోయేవాళ్లు, కంపెనీ బస్సు లేకపోతే, ఊరి తూర్పు చివర ఇల్లు చూసుకుంటే రోజుకు అరగంట మిగులుతుంది. మిగిలిన అన్నిటికీ ఈ ఊరికి స్కూటీ చాలు. ఇంట్లో రెండో బండికి డబ్బుంటే కారు కొనేకంటే ఇంట్లో ఉండే మనిషికి స్కూటీ కొనివ్వండి, నేర్పించండి.

బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, ముఖ్యంగా గరుడ సేవ నాడు, అలిపిరి వైపు దారులు మళ్లిస్తారు. మే నెలలో గంగమ్మ జాతరకు తాతయ్యగుంట చుట్టూ రోడ్లు మూస్తారు. ఆ రోజుల్లో కారున్న ఇల్లూ, లేని ఇల్లూ ఒక్కటే. నడిచిపోయే దూరంలో పాలు, మందులు ఉన్న ఇల్లే గెలుస్తుంది.

అద్దె తక్కువ అంటే నిజంగా తక్కువేనా

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఊరి మధ్యలో డబుల్ బెడ్‌రూం 12,000 అనుకుందాం, బయట అదే ఇల్లు 9,000. మూడు వేలు ఆదా. ఆఫీసు లోపలి ఇంటికి నడిచే దూరం, బయటి ఇంటి నుంచి 6 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు, రానూపోనూ 300 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే కారుకు 2,200 అవుతుంది, 45 ఇచ్చే స్కూటీకి 730 చిల్లర. ఇక ఇంట్లోవాళ్లు నెలకు ఎనిమిదిసార్లు ఊళ్లోకి రావాలి, ఆటో ఒక పక్కకు 120 అనుకుంటే 1,920. స్కూటీవాడికి మూడు వేలలో మిగిలేది మూడొందల యాభై. కారువాడికి చేతినుంచి ఇంకో వెయ్యికి పైగా.

ఆ ఆటో ఖర్చే అసలు కీలకం. డబ్బు మిగలాలని ఆ ఎనిమిది ప్రయాణాలను రెండుకు తగ్గిస్తారు. కూరగాయలు వారానికోసారి, కంటి డాక్టరు వచ్చే నెల, చెల్లెలి ఇంటికి పండక్కి. లెక్కలో ఆదా కనిపిస్తుంది గానీ ఇంట్లో మనిషి గడప దాటడం మానేస్తుంది.

అలాగని అందరికీ ఊరి మధ్యే అనను. ఇద్దరికీ బండ్లుండి, పిల్లలు చిన్నవాళ్లై, ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే దక్షిణం వైపు కాలనీలే హాయి. గాలి, వెలుతురు, పిల్లలు ఆడుకునే వీధి దొరుకుతాయి. పెద్దవాళ్లున్న ఇంటికి నా ఓటు కె.టి. రోడ్డు, బాలాజీ కాలనీ, లేదా పాత ఊరు. ఒక్కరి జీతం, ఇంట్లో ఆడవాళ్లు తరచూ టౌనుకు రావాల్సిన కుటుంబమైతే చంద్రగిరిని తీసిపారేయకండి. యూనివర్సిటీలో చదివే పిల్లలకు ఈ వ్యాసం అక్కర్లేదు, నడిచిపోయే దూరంలో హాస్టలు చూసుకుంటే సరి.

చిత్తూరులో ఇల్లు చూసేవాళ్లకు ఈ తలనొప్పి సగమే. ఊరు చిన్నది, యాత్రికుల తాకిడి లేదు, బస్టాండు చుట్టుపక్కల ఇల్లుంటే చాలా పనులు కాళ్ల మీదే అయిపోతాయి. కాకపోతే పెద్ద జబ్బులకు చిత్తూరువాళ్లు చాలామంది వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతారు. అది తమిళనాడు కాబట్టి ఆ బస్సులో ఉచిత టికెట్ చెల్లదు. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే రైళ్లున్నాయి, కాట్పాడిలో దిగితే వేలూరే. నెలనెలా సీఎంసీకి వెళ్లే ఇంట్లో రైల్వే స్టేషన్ దగ్గర ఇల్లుకే మొదటి మార్కు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక ఉదయం బండి ఇంటి దగ్గరే వదిలేసి, ఆ పగలంతా ఇంట్లో ఉండబోయే మనిషిని తీసుకుని, షేర్ ఆటోలో ఆ ఇంటికి వెళ్లండి. అక్కడి నుంచి పాలు కొనడానికి నడవండి, స్కూలు దాకా నడవండి, తిరిగి ఆటో దొరికేదాకా నిలబడండి. తిరిగొచ్చాక ఇల్లు ఎలా ఉందని మీరు చెప్పకండి, ఆ మనిషిని అడగండి.